సిమ్స్ 4లో నాకు నచ్చిన ఒకే ఒక్క పేజీ

సిమ్స్ 4 అంటే మనుషుల్ని తయారుచేసి వాళ్ల బతుకు నడిపించే కంప్యూటర్ ఆట. ఇందులో ఇల్లు కట్టడం, ఉద్యోగాలు, ఉన్నట్టుండి మంటలు లేచే వంటగది అందరికీ తెలిసినవే, వదిలేస్తాను. కొన్నేళ్లుగా ఈ ఆటకు అతుక్కుపోయి ఉన్నానంటే కారణం 2016 జూన్ అప్‌డేట్‌తో వచ్చిన ఒక చిన్న పేజీ. పాత్రను తయారుచేసేటప్పుడు ఆడా మగా అని తేల్చేసి ఊరుకోకుండా అది నాలుగు సంగతులు విడివిడిగా అడుగుతుంది. ఒంటి తీరు ఎలా ఉండాలి, ఎలాంటి బట్టలు ఇష్టం, గర్భం తాను మోస్తారా, ఎదుటివారికి కలిగిస్తారా, బాత్రూములో నిలబడతారా కూర్చుంటారా. ఒకదానికి ఇచ్చిన జవాబు ఇంకోదాన్ని కట్టడి చేయదు. 2004లో వచ్చిన సిమ్స్ 2లో ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతకాలనుకుంటే దాన్ని పెళ్లి అని కూడా అనలేదు, వేరే పేరు పెట్టారు. పన్నెండేళ్లలో బాగానే నడిచారు.

కిందటి మే నెలలో మా పిన్ని కొడుకు బెంగళూరు నుంచి కర్నూలుకు వచ్చాడు. (ఇంట్లో చాలామంది ఇంకా పిన్ని కూతురనే అంటారు. ఆ గొడవ ఇక్కడెందుకు.) ల్యాప్‌టాప్ లాక్కుని తనలాంటి మనిషిని చేయడం మొదలుపెట్టాడు. ముఖం గబగబా అయిపోయింది. గొంతు దగ్గర మాత్రం ఆగాడు. స్వరం హెచ్చుతగ్గులు చేసే గీతను కాస్త కిందికి జరపడం, వినడం, మళ్లీ జరపడం. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవాళ్లు రొమ్ములు తీయించుకుంటే మిగిలే శస్త్రచికిత్స మచ్చలు 2023 జనవరిలో ఆటలో చేరాయి. అవి కనబడగానే, "అక్కా, ఇవి వాళ్లు పెట్టినవేనా, నువ్వు ఎక్కడినుంచైనా తెచ్చి వేశావా?" అన్నాడు. వాళ్లవేనన్నాను. ఆ పాత్రకు పెళ్లి చేసి, తమాషాకు గర్భం కూడా అతనికే పెట్టాడు.

పక్కన చింతపండులో గింజలు తీస్తున్న మా అవ్వ తెర వైపు తొంగిచూసింది. గడ్డం, పొట్ట రెండూ ఉన్న మనిషి వంటగదిలో తిరుగుతున్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది.

"ఎన్నో నెల?" అంది.

"ఇందులో నెలలు లేవవ్వా, మూడు రోజులే."

"మూడు రోజులా! అదృష్టవంతులు," అని మళ్లీ చింతపండు మీద పడింది.

దీన్ని ఆమోదం కింద లెక్కవేయలేను. ఆమెకు శుక్లం ఆపరేషన్ ఒక కంటికే అయింది, గడ్డం కనబడిందో లేదో.

ఈ ఆటలో వివక్షే లేదని స్నేహితులకు గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడంత గట్టిగా చెప్పను. ఆటలోని ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనరు, నిజమే. ఎవరికీ పట్టదు కూడా. ఈ విషయమై కోప్పడే తల్లీ ఉండదు, తర్వాత మెత్తబడే తల్లీ ఉండదు. మా వాడికి రెండో రోజుకే విసుగొచ్చింది.

అయితే ఈ విషయం మీద పాత్రల చేత మాట్లాడించబోయి చెడగొట్టిన ఆటలూ ఉన్నాయి. 2017 నాటి మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడాలో హేన్లీ అనే ట్రాన్స్ మహిళ (మగపిల్లాడిగా పుట్టి ఆడమనిషిగా బతికే పాత్ర) అప్పుడే పరిచయమైన ఆటగాడికి పుట్టినప్పుడు పెట్టిన తన పాత పేరు చెప్పేస్తుంది. విమర్శలు వచ్చాక తయారీదారులు క్షమాపణ చెప్పి ఆ సంభాషణ మార్చారు. పాత పేరు వినబడితే మా వాడి ముఖం ఎలా మాడిపోతుందో రోజూ చూసేదాన్ని కాబట్టి, అంతకంటే సిమ్స్ మౌనమే నయం అనిపిస్తుంది. ఇంట్లో అలాంటి మనిషి లేనివారికి ఈ మౌనం చప్పగానే ఉండవచ్చు.

కథ కావాలనుకునేవారికి ఇది పనికిరాదు. అసలు ఆట 2022 అక్టోబరు నుంచి ఉచితం, నేను చెప్పిన పేజీ అందులోనే ఉంది కాబట్టి డబ్బులు పెట్టి కొనే అదనపు ప్యాకుల జోలికి పోకుండా ముందు అది చూడండి. నా పాత ల్యాప్‌టాప్ మా ఊరి ఎండలకు పగలు వేడెక్కి ఆగిపోతుంది, అందుకే వేసవిలో రాత్రి పది దాటాకే ఆడతాను. మీది కొత్తదైతే ఈ ఇబ్బంది ఉండకపోవచ్చు.