శ్రీకాకుళంలో టీబీ పేషెంట్ల పోషణ కిట్: సరుకు మంచిదే, కొలతే చాలదు

మా మావయ్యకి టీబీ మందులు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అని అత్తకి ఒకటే టెన్షన్. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ వైపు ఒక చిరుధాన్యాల కొట్లో టీబీ పేషెంట్లకని నెలవారీ కిట్ అమ్ముతున్నారంటే తెప్పించాం. 1,350 రూపాయలు. బియ్యం, కందిపప్పు, పుట్నాలు, వేరుశెనగ గుళ్లు, నూనె, చోడి (రాగి) జావ పిండి. టెక్కలి దాకా ఆర్టీసీ కార్గోలో వేస్తారు, పెట్టె చిరక్కుండానే వచ్చింది.

సరుకు గురించి వంక పెట్టడానికేం లేదు. కందిపప్పులో రాళ్లు లేవు, గుళ్లు ముక్కవాసన రాలేదు, బియ్యం మాత్రం కొత్తవి, అన్నం కాస్త ముద్దవుతుంది. మెడికల్ షాపులో చిన్న ప్రోటీన్ పౌడర్ డబ్బాకి పెట్టే డబ్బుతో పోలిస్తే దీనికి పెట్టడం వెయ్యి రెట్లు నయం. టీబీలో జ్వరానికి ఒళ్లు కండ కరిగించేసుకుంటుంది, ఆకలేమో చచ్చిపోతుంది, అలాంటప్పుడు కావలసింది రోజూ కడుపు నిండే తిండి గానీ రెండు చెంచాల వెనీలా పొడి కాదు.

ఇది నా సొంత పైత్యం కాదు. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ బృందం జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా చేసిన రేషన్స్ అధ్యయనం ఉంది, 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చింది. 2,800 మంది రోగులకి మందులతో పాటు నెలకి 10 కిలోల సరుకులిచ్చారు, అంటే రోజుకి 1,200 కేలరీలు, 52 గ్రాముల ప్రోటీన్. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. అందుకే మావయ్యని నెలకోసారి కాటా ఎక్కిస్తున్నాం.

నా అసలు గొడవ కూడా అక్కడి నుంచే. ఆ అధ్యయనంలో సగం ఇళ్లలో రోగికే కాదు, ఇంట్లో మిగతావాళ్లకీ తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు చొప్పున ఇచ్చారు, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. మన కొట్టువాళ్లేమో ఒక్కడికి సరిపడా కట్టి, "ఇది పేషెంటుకే వండి పెట్టండమ్మా" అంటారు. ఏ ఇంట్లో అవుతుందండీ అది? పిల్లలు పక్కన కూర్చుని చూస్తుంటే మావయ్య ఒక్కడే పుట్నాలు నములుతాడా? అత్త ఒకే కుండలో వండింది, అందరూ తిన్నారు, నెల సగంలోనే పప్పు అయిపోయింది. అత్త చేసింది తప్పని నేననను, అదే గదిలో పడుకునే పిల్లలకీ తిండి కావాలి. ఫ్యామిలీ ప్యాక్ ఉందా అని ఫోన్ చేసి అడిగితే లేదన్నారు, ఇంకో కిట్ తీసుకోమన్నారు.

ఇక ఆ చోడి జావ పిండి. ప్యాకెట్ మీద 100 గ్రాములకి 22 గ్రాముల ప్రోటీన్ అని వేశారు. వెనక్కి తిప్పి చూస్తే పదార్థాల్లో మొదటిది చోళ్లు, రెండోది బెల్లం, పుట్నాలు ఎక్కడో చివర. ఎక్కువున్నది ముందు రాయాలన్నది రూలు. చోళ్లలో ఉండేదే 7 గ్రాములు, బెల్లంలో దాదాపు ఏమీ ఉండదు, మరి 22 ఎక్కడి నుంచి ఊడిపడింది? చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, ఆ మాటే వేసుకోవచ్చుగా. పైగా టీబీ వచ్చినవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు బోలెడుమంది, వాళ్లకి ఈ బెల్లం పిండి అంటగట్టడం నాకైతే నచ్చలేదు.

లోపల పెట్టిన కాగితంలో మాత్రలు జావతో కలిపి వేసుకోమని ఉంది. తిండితో వేసుకుంటే టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్నే అడగండి, ఆ కాగితం చింపేయండి.

ధర సంగతికొస్తే, నిక్షయ్ పోషణ్ యోజన కింద టీబీ రోగి తిండి ఖర్చుకని ప్రభుత్వం నెలకి 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. అంటే కిట్‌కి చేతి నుంచి ఇంకో 350 పడుతుంది, గుడ్లు, పాలు వేరే. కూలికెళ్లే మనిషి మంచాన పడ్డ ఇంటికి అది తక్కువేం కాదు.

అయిదుకి మూడు ఇస్తాను. ఊళ్లో ఉండి బజారుకెళ్లే ఓపిక లేనివాళ్లు తీసుకోవచ్చు. ఆర్డరిచ్చేటప్పుడే జావ పిండి వద్దని గట్టిగా చెప్పండి, అదే ధరకి వేరుశెనగ గుళ్లు ఎక్కువ వేస్తున్నారు, రెండోసారి మాకు అలాగే పంపారు. ఆదివారం ఫోన్ ఎత్తరు.