ఉక్రెయిన్ రైలెక్కే ముందు

రష్యా దాడి మొదలైన 2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్‌లో ప్రయాణికుల విమానాలు లేవు. అప్పటి నుంచి ఆ దేశాన్ని మోస్తున్నది ప్రభుత్వ రైల్వే, ఉక్ర్‌జలిజ్నిత్సియా. పిల్లలతో పోలండ్ వెళ్లే తల్లులు, సెలవు ముగించుకుని యూనిట్‌కు తిరిగి పోయే సైనికులు, పరీక్షలకు వెళ్లే విద్యార్థులు అందరూ ఆ పెట్టెల్లోనే కూర్చుంటారు. యుద్ధం మధ్య ఒక ప్రజాసేవ ఎలా నడవాలో ఎవరైనా అడిగితే నేను చూపించేది దీన్నే. లోపాలు ఉన్నాయి, అవీ చెబుతాను. చదువో, ఉద్యోగమో, సహాయక పనో ఉంటే తప్ప, చూసొద్దామని మాత్రం ఎవరూ బయల్దేరొద్దు.

మన ప్రధాని 2024 ఆగస్టులో కీవ్ వెళ్లింది పోలండ్ సరిహద్దు పట్టణం ప్షెమిష్ల్ నుంచి రైల్లోనే, దాదాపు 10 గంటల ప్రయాణం. సామాన్యులకూ అనువైన దారి అదే. కారణం పట్టాల వెడల్పు. ఉక్రెయిన్‌లో 1520 మిల్లీమీటర్లు, పోలండ్‌లో 1435. ప్షెమిష్ల్ స్టేషన్ దాకా వెడల్పు పట్టా వేసి ఉంది కాబట్టి ఉక్రెయిన్ రైలు నేరుగా లోపలికి వస్తుంది. వార్సా నుంచి నేరుగా కీవ్ వెళ్లే రైలుకు ఆ సౌకర్యం లేదు. సరిహద్దులో పెట్టెల్ని ఒక్కొక్కటిగా జాకీలతో పైకెత్తి, కింద చక్రాల సెట్లు మార్చాలి. ప్రయాణికులు లోపలే ఉంటారు, గంటలు గడుస్తాయి. పెద్దవాళ్లతో వెళ్తుంటే ప్షెమిష్ల్ దారే మేలు.

టికెట్లు రైల్వే యాప్‌లో, వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఇంగ్లీషు ఉంది. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టాలి. పోలండ్ వైపు టికెట్లు అమ్మకానికి వచ్చిన కాసేపటికే అయిపోతాయి, అసలు ఇబ్బంది ఇక్కడే. అలాగని బ్లాక్‌లో అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. టికెట్ మీద వేరే పేరుంటే రైలెక్కనివ్వరు, డబ్బూ పోతుంది. టికెట్ కొన్న వెంటనే పీడీఎఫ్ ఫోన్‌లో దింపుకోండి, కొంత నగదు దగ్గర పెట్టుకోండి. 2025 మార్చి 23న సైబర్ దాడితో ఆన్‌లైన్ టికెట్ వ్యవస్థ మొత్తం పడిపోయింది. కౌంటర్ల దగ్గర బారులు తీరాయి. రైళ్లు మాత్రం నడిచాయి. కీవ్ గడియారం పోలండ్ కన్నా గంట ముందుంటుంది. తర్వాతి రైలుకు లెక్క వేసుకునేటప్పుడు చాలామంది తప్పేది ఇక్కడే.

పడుకుని వెళ్లే రైళ్లలో తరగతులు మూడు. ప్లాట్స్‌కార్ట్ అంటే మన స్లీపర్ లాంటిది, తలుపుల్లేని పెట్టెలో 54 బెర్తులు. కూపేలో గదికి నాలుగు బెర్తులు, తలుపు వేసుకోవచ్చు, పెట్టెకు 36. లక్స్‌లో గదికి ఇద్దరే. ఆడవాళ్లకు ప్రత్యేక కూపే ఎంచుకునే వీలు ఉంది, ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు అదే తీసుకోండి. కూపే చాలు, కింది బెర్తు దొరికితే సామాను దాని కింది అరలో భద్రంగా ఉంటుంది. ఉతికిన దుప్పట్లు సీలు వేసిన కవర్లో ఇస్తారు. పెట్టె చివర వేడినీళ్ల బాయిలరు ఉంటుంది. ప్రతి పెట్టెకూ ఉండే అటెండెంటు లోహపు పట్టీ ఉన్న గాజు గ్లాసులో టీ తెచ్చిస్తారు. ఆ టీ బాగుంటుంది. పాత పెట్టెల్లో వేసవి ఉక్క మాత్రం దారుణం, కిటికీలు కొన్ని తెరుచుకోవు. వాటి మరుగుదొడ్లు స్టేషన్లలో తాళం వేస్తారు, సరిహద్దులో ఆ తాళం గంటల తరబడి తియ్యరు. ఆ సంగతి ముందే చూసుకోవాలి. తిండి వెంట తెచ్చుకోండి. పోలండ్ వైపు వచ్చేటప్పుడు మాత్రం నెయ్యి, కోవా, మాంసం పచ్చడి సంచిలో ఉండకూడదు, యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల, మాంస పదార్థాలు తేనివ్వరు.

ప్షెమిష్ల్‌లో దిగడం ఓపికకు పరీక్ష. అందర్నీ ఒకేసారి వదలరు, ఒక్కో పెట్టెను ఖాళీ చేయిస్తూ తనిఖీకి పంపుతారు. అక్కడి నుంచి పోలండ్ నగరం క్రాకోవ్ వెళ్లే రైలుకు కనీసం మూడు గంటల తేడా పెట్టుకోండి.

సరిహద్దుకు పోయే రైళ్లలో ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ. సైన్యంలో చేరే వయసు మగవాళ్లు దేశం దాటకూడదు. మొదట 18 నుంచి 60 ఏళ్ల వరకు నిషేధం, 2025 ఆగస్టు చివర్లో 18 నుంచి 22 ఏళ్ల వాళ్లకు సడలించారు. అందుకే ప్లాట్‌ఫారం మీద వీడ్కోళ్లు పొడుగ్గా సాగుతాయి. తలుపు దగ్గర సామానుతో అడ్డం నిలబడకండి, ఆ నాలుగు నిమిషాలు వాళ్లవి.

తూర్పు వైపు వెళ్లే రైళ్ల తీరు వేరు. కీవ్ నుంచి యుద్ధరంగానికి దగ్గరున్న క్రమటోర్స్క్ వెళ్లే ఇంటర్‌సిటీ రైలు ఏళ్ల పాటు సైనికుల రైలుగా, రెండు రోజుల సెలవు దొరికిన భర్తను కలవడానికి వెళ్లే భార్యల రైలుగా నడిచింది. ముప్పు దగ్గరపడటంతో 2025 నవంబరులో దాన్ని క్రమటోర్స్క్ దాకా పంపకుండా, ముందే వచ్చే బార్వింకొవె స్టేషన్‌తో ముగించారు. క్రమటోర్స్క్ స్టేషన్‌లోనే 2022 ఏప్రిల్ 8న, తరలిపోవడానికి రైలు కోసం నిలబడ్డ జనం మీద క్షిపణి పడింది. సుమారు 60 మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 24న చాప్లినె స్టేషన్ మీద మరో దాడి. రైల్వే తన సిబ్బందిలో వందల మందిని పోగొట్టుకుంది. పట్టా తెగితే బాగుచేసేదీ, కరెంటు పోతే డీజిల్ ఇంజను తగిలించి రైలు కదిలించేదీ మిగిలినవాళ్లే. ఖేర్సన్ నగరం 2022 నవంబరు 11న రష్యా ఆక్రమణ నుంచి విముక్తి పొందితే, 19వ తేదీ ఉదయానికి కీవ్ నుంచి ప్రయాణికుల రైలు అక్కడికి చేరింది. ఈ సంస్థకు నేనిచ్చే మార్కుల్లో సగం ఈ ఎనిమిది రోజులకే.

రోజూ ఉదయం 9 గంటలకు అమరులకు ఒక నిమిషం మౌనం. 2022 మార్చి 16 నాటి అధ్యక్ష ఉత్తర్వుతో మొదలైంది. స్టేషన్‌లో ఆ ప్రకటన వినబడితే లేచి నిలబడండి, ఫోన్ మాట్లాడుతుంటే పెట్టేయండి. భాష రాకపోయినా చుట్టూ ఉన్నవాళ్లను చూస్తే అర్థమవుతుంది. కూపేలో కాలు పోగొట్టుకున్న సైనికుడు ఉంటే కింది బెర్తు అడక్కుండానే ఇవ్వండి. యుద్ధం గురించి ప్రశ్నలు వేయొద్దు. ఆయనే చెబితే వినండి. సైనికుల్ని, వంతెనల్ని, స్టేషన్ యార్డుల్ని ఫొటో తీయొద్దు. చోటు తెలిసేలా ఒక్క ఫొటో నెట్‌లో పెట్టినా ప్రాణాల మీదికి వస్తుంది.

2022 తొలి నెలల్లో ఈ రైళ్లు సుమారు 40 లక్షల మందిని పడమటికి చేర్చాయి, టికెట్ అడక్కుండా. మన తెలుగు వైద్య విద్యార్థుల్లో ఎంతోమంది సరిహద్దు చేరిందీ వీటిలోనే, సరిహద్దు దాటాక మన ప్రభుత్వం పంపిన ఆపరేషన్ గంగ విమానాలు ఎక్కారు. అయితే ఖార్కివ్ స్టేషన్‌లో మనవాళ్లను ఎక్కనివ్వకుండా నెట్టేశారన్న ఫిర్యాదులు అప్పుడు గట్టిగా వచ్చాయి. ఆడవాళ్లు, పిల్లలు ముందన్న నియమం న్యాయమైనదే. కానీ ఆ నియమం చెప్పే తీరు, విదేశీ విద్యార్థుల పట్ల ప్రవర్తించిన తీరు బాగాలేదు. ఆ మార్కులు కోయాల్సిందే.

చివరగా కర్ఫ్యూ. కీవ్‌లో అర్ధరాత్రి నుంచి 5 గంటల వరకు రోడ్డెక్కకూడదు. రైలు ఆ వేళలో దిగబెడితే స్టేషన్‌లోనే ఆగండి. సైరన్ మోగితే హాల్లో కూర్చోకండి, బోర్డుల వెంట షెల్టర్‌లోకి దిగండి. పవర్ బ్యాంకు, నీళ్ల సీసా, పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, బెర్తు కింద కాదు.