ఐస్‌శాట్-2 డేటా: చాన్నాళ్లు వాడాక నా మాట

ధ్రువాల మంచు మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చే పీజీ పిల్లలకు నేను మొదట చూపించేది నాసా ఉపగ్రహం ఐస్‌శాట్-2 ఇచ్చే డేటానే. హనుమకొండలో మా కాలేజీ ల్యాబ్‌లో ఏళ్లుగా వాడుతున్నాం. పైసా ఖర్చు లేదు, నాసా వాళ్ల ఎర్త్‌డేటా వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిస్తే చాలు.

2018 సెప్టెంబరులో పంపిన ఈ ఉపగ్రహం సుమారు 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 10,000 సార్లు ఆకుపచ్చ లేజర్ కొడుతుంది. తిరిగొచ్చిన ఫోటాన్లకు, అంటే కాంతి కణాలకు, పట్టిన సమయాన్ని బట్టి కింద ఎత్తెంతో తేలుతుంది. కిరణాలు ఆరు, రెండేసి చొప్పున జంటలు. ఒక్కో జంటలో ఎడం 90 మీటర్లు. నాకు బాగా నచ్చింది ఈ జంటల ఏర్పాటే. గ్రీన్‌లాండ్ అంచుల్లో మంచు బాగా వాలుగా ఉంటుంది. 91 రోజులకు మళ్లీ అదే దారిన వచ్చిన ఉపగ్రహం కాస్త పక్కకు జరిగినా ఎత్తు మారిపోతుంది. పక్కపక్కనే రెండు కొలతలుంటే వాలు తెలుస్తుంది, దాన్ని తీసేస్తే నిజంగా తగ్గిన మంచెంతో మిగులుతుంది.

సముద్రపు మంచు దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. స్క్రీన్ మీద ఎగుడుదిగుడుగా సాగే ఫోటాన్ చుక్కల వరుస ఒకచోట కిందికి దిగి, గీత గీసినట్టు చదునుగా మారుతుంది. అది పగులులో కనిపించే నీరు. ఆ నీటిమట్టం కంటే మంచు ఎంత పైకి ఉందో అదే ఫ్రీబోర్డ్. ఉపగ్రహం ఇచ్చేది అంతవరకే, మందం మనం లెక్కగట్టాలి. పైగా లేజర్ తగిలేది మంచు మీద పేరుకున్న స్నోకి. ఆ స్నో లోతు సరిగ్గా తెలియకపోతే కొన్ని సెంటీమీటర్ల తేడా మందంలో పదుల సెంటీమీటర్లవుతుంది. పిల్లల రిపోర్టుల్లో "ఉపగ్రహం మందాన్ని కొలిచింది" అని కనిపిస్తే నేను కొట్టేసేది అందుకే.

దీనికి తోడు క్రయోశాట్-2 అనే మరో ఉపగ్రహం ఉండాల్సిందే. యూరప్ వాళ్లు 2010లో పంపిన దీని రాడార్ పొడి స్నోలోకి చొచ్చుకెళ్తుంది, మబ్బులున్నా ఆగదు. లేజర్‌కు దట్టమైన మబ్బు అడ్డొస్తే ఆ రోజు డేటా పోయినట్టే. రెండింటి దారులూ కలిసేలా 2020లో క్రయోశాట్-2 కక్ష్యను కొంచెం పెంచారు. రెండు ఎత్తుల తేడాతో స్నో లోతు అంచనా వేయొచ్చు. ఇంత ఓపికగా చేసిన పని చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

నేల మీది మంచుకు పాత ఐస్‌శాట్ కొలతలూ కలిపితే 2003 నుంచి 2019 వరకు గ్రీన్‌లాండ్ ఏటా సగటున 20,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా 11,800 కోట్ల టన్నులు కోల్పోయాయని తేలింది.

ఇబ్బంది ఫైళ్ల సైజుతోనే. ఐస్‌శాట్-2 డేటా రకాల్లో ఒకటైన ఏటీఎల్03లో ప్రతి ఫోటానూ ఉంటుంది. మా ల్యాబ్ నెట్‌కు ఒక్క ఫైలు దిగేసరికి పీరియడ్ అయిపోతుంది. కాబట్టి ముందు ఈ డేటాను బ్రౌజర్‌లోనే చూపించే ఓపెన్‌ఆల్టిమెట్రీ వెబ్‌సైట్‌లో శ్రీరాంసాగర్ లాంటి మనకు తెలిసిన నీటిమట్టం చూసి చెయ్యి తిప్పుకోండి. తర్వాత నేల మీది మంచుకైతే ఏటీఎల్06, సముద్రపు మంచుకైతే ఏటీఎల్10 తీసుకోండి, అదీ మీకు కావాల్సిన ప్రాంతం వరకే కత్తిరించి.