చలికాలంలో చేపల తొట్టికి హీటర్ పెట్టాలా, వదిలేయాలా?

నవంబర్ చివర్లో హైదరాబాద్‌లో రాత్రి చలి మొదలవగానే అక్వేరియం ఉన్న ఇళ్లలో ఇదే గోల. నా మాట ముందే చెప్పేస్తా: గోల్డ్‌ఫిష్‌కి హీటర్ దండగ, బెట్టా, డిస్కస్ లాంటి వెచ్చటి నీళ్ల చేపలకు తప్పదు. అన్నిటికన్నా చెడ్డపని రాత్రి వేసి పొద్దున తీసేయడం.

ఎందుకంటే తొట్టిలో పెంచే చేపలకు ఒళ్లు వెచ్చగా ఉంచుకునే ఏర్పాటు లేదు, నీళ్లెంతో ఒళ్లూ అంతే. నీళ్లు ఒక్కసారిగా 10 డిగ్రీలు పెరిగితే అవి వాడే ఆక్సిజన్ దాదాపు రెండు మూడు రెట్లవుతుంది, పడిపోతే అదే లెక్కన తగ్గిపోతుంది. అదే చలి నెమ్మదిగా వచ్చి వారాల తరబడి నిలిస్తే మాత్రం చేప తన ఒంటినే మార్చుకుంటుంది. కండరాల్లో మైటోకాండ్రియా (కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలు) పెంచుకుంటుంది, కణాల పొరల్లో కొవ్వు డబ్బాలో నెయ్యిలా పేరుకోకుండా పలచటి రకం కొవ్వులు చేర్చుకుంటుంది, దాంతో పడిపోయిన మెటబాలిజం, అంటే ఒంట్లో శక్తి వాడకం, కొంత పైకొస్తుంది. కొంతే సుమా. గోల్డ్‌ఫిష్ దీనికి పెట్టింది పేరు, మన జనవరి దానికో లెక్క కాదు. రోజూ ఆన్, ఆఫ్ చేస్తుంటే ఈ సర్దుబాటుకి టైమెక్కడిది? (కొత్త చేప ఉన్న కవర్‌ని పావుగంట నీళ్లలో తేలనిస్తాం కదా, దాంతో కవర్లో నీళ్లే సర్దుకుంటాయి, చేప కాదు.)

బెట్టాకి 25 నుంచి 28 డిగ్రీలు కావాలి. 20 దగ్గర మేత ముట్టదు, అడుగున కూర్చుంటుంది, తెల్లమచ్చల జబ్బు కూడా ఇలాంటప్పుడే పట్టుకుంటుంది. 50 లీటర్ల తొట్టికి థర్మోస్టాట్ (వేడి సరిపోగానే తనే ఆగిపోయే ఏర్పాటు) ఉన్న 50 వాట్ల హీటర్ సరిపోతుంది.

హీటర్ వద్దనుకున్నవాళ్లు మేత తగ్గించాలి, ఇది చాలామంది మర్చిపోతారు. చల్లటి నీళ్లలో అరుగుదల మందగిస్తుంది, ఫిల్టర్‌లో మురికిని శుభ్రం చేసే బ్యాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది, ఎప్పటిలా గుప్పెడు వేస్తే మిగిలిందంతా చేపకి విషమైన అమ్మోనియానే.

నిజానికి నాకు టెన్షన్ మే నెలతోనే. లీటరు నీళ్లలో 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 దగ్గర ఏడున్నరే, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. పైగా రాత్రి ఏసీ, పగలు బంద్, చిన్న గాజు గిన్నెలో నీళ్లు గది వేడితోపాటే ఊగుతాయి. ఏసీ గదిలోంచి తొట్టి తీసి హాల్లో పెట్టండి, హీటర్ డబ్బులు మిగిలితే ఎయిర్ పంప్ కొనండి.