శ్రమ సువిధ తనిఖీలు: గేటు దాకా బాగానే ఉంది

ఫ్యాక్టరీకి లేబర్ ఇన్‌స్పెక్టర్ ఎందుకొచ్చాడంటే ఒకప్పుడు జవాబు అందరికీ తెలుసు: మామూలు అందకపోయి ఉండాలి, లేదా ఎవరో ఉప్పందించి ఉండాలి. 2014 అక్టోబరు 16న కేంద్రం తెచ్చిన శ్రమ సువిధ పోర్టల్ ఆ అనుమానాన్ని చాలావరకు తగ్గించింది. ఎవరి దగ్గరికి వెళ్లాలో కంప్యూటరే లాటరీలా తీస్తుంది. మొదట పెట్టిన నియమం ప్రకారం 72 గంటల్లో రిపోర్టు అప్‌లోడ్ చేయాలి. పీఎఫ్, ఈఎస్ఐ, గనుల భద్రత, కేంద్ర లేబర్ కమిషనర్ శాఖలన్నిటికీ సంస్థకు ఒకే నంబరు, లిన్ (లేబర్ ఐడెంటిఫికేషన్ నంబర్). యజమానిని అడిగితే 5కి 4 మార్కులు ఇస్తాడు.

కార్మికుడి వైపు నుంచి చూస్తే 2కి మించి ఇవ్వలేం. నమోదు కాని షెడ్డు కంప్యూటర్ లాటరీలోకే రాదు. అసలు తనిఖీ కావాల్సింది అక్కడే. పీఎఫ్‌కు 20 మంది ఉండాలి కాబట్టి కాగితం మీద ఎప్పుడూ 19 మందే ఉండే యూనిట్లున్నాయి. మిగతావాళ్లు మేస్త్రీ లెక్కలోకి పోతారు.

ఇక లోపలికెళ్లాక జరిగేది ఎక్కువగా కాగితాల తనిఖీ. మస్టర్ రోల్‌నే, అంటే హాజరు పట్టీనే తీసుకోండి. నెలంతా ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఒకే వాలుతో ‘పి’లు (ప్రెజెంట్ గుర్తులు) పడి ఉంటే అది రోజూ రాసింది కాదు, తనిఖీకి ముందురోజు రాత్రి కూర్చుని నింపింది. దాన్ని గేటు సెక్యూరిటీ పుస్తకంతో, నైట్‌షిఫ్ట్ ప్రొడక్షన్ లాగ్‌తో, ఆఖరికి టీ బిల్లుతో పోల్చాలి. ఓటీకి, అంటే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలి. ఓటీ కాలమ్ ఖాళీగా ఉండి, జీతం చీటీలో ‘ప్రొడక్షన్ ఇన్సెంటివ్’ అని కనిపిస్తే ఆ గంటలు ఎక్కడికి పోయాయో అడగాలి. ఇదంతా సగం రోజు పని. రోజుకు రెండు మూడు చోట్లకు తిరగాల్సినవాడికి అంత తీరిక ఎక్కడిది? పారిశ్రామికంగా ఎదుగుతున్న దేశాలకు ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) చెప్పే కొలత 15,000 మంది కార్మికులకు ఒక ఇన్‌స్పెక్టర్. మనం దానికి చాలా దూరంలో ఉన్నాం.

భాష మరో చిక్కు. ఒడిశా, బిహార్ కుర్రాళ్లతో మాట్లాడాలంటే కాంట్రాక్టర్ మనిషే దుబాసీ. అతని ముందు ఎవరు నోరు విప్పుతారు? క్యాంటీన్ దగ్గరో, షిఫ్ట్ మారేటప్పుడు గేటు బయటో మాట్లాడితే కొంతైనా నిజం బయటికొస్తుంది.

ఏ వేళలోనైనా, ముందస్తు కబురు లేకుండా లోపలికి వెళ్లే అధికారం ఇన్‌స్పెక్టర్‌కు ఉండాలన్న ఐఎల్‌ఓ 81వ ఒప్పందాన్ని భారత్ 1949లోనే ఆమోదించింది. ఈ పద్ధతిలో మాత్రం ఫిర్యాదు తనిఖీకి పైనుంచి ఊ అనాలి. అనేలోపు రిజిస్టర్లు దిద్దుకోవడం ఎంతసేపు! అయితే లాటరీతో ఒక మేలుంది: ఇన్‌స్పెక్టర్ వచ్చాడంటే ఫలానావాడే ఫిర్యాదు చేశాడని తేల్చుకోవడం కష్టం.

2025 నవంబరు 21న కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. ఇన్‌స్పెక్టర్ కాస్తా ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’, అంటే తనిఖీతో పాటు దారి చూపేవాడు కూడా అయ్యాడు. వేతనాల కోడ్ ప్రకారం కేసు పెట్టేముందు సరిదిద్దుకోవడానికి గడువివ్వాలి. అదే తప్పు ఐదేళ్లలోపు మళ్లీ చేస్తే ఆ వెసులుబాటు లేదు. అందుకే మొదటి తప్పును రిపోర్టులో వివరంగా రాయించడం ముఖ్యం. ఫిర్యాదు చేసేవాళ్లు ‘ఓటీ ఇవ్వట్లేదు’ అని ఊరికే రాయకండి. తేదీ, షిఫ్ట్, పనిచేసిన గంటలు, కాంట్రాక్టర్ పేరు రాసి, జీతం చీటీ ఫొటో జతచేయండి.