ఆరేళ్ళుగా మా గోడ మీద ఉన్న పోటు గడియారం

మా హాల్లో రెండు గడియారాలు ఉన్నాయి. ఒకటి ఇంటిల్లిపాదికీ, రెండోది నాకు. ఆ రెండో దానికి ఒకటే ముల్లు. పైన పోటు (సముద్రం నీరు నిండే వేళ), కింద పాటు (నీరు బాగా దిగే వేళ). పాటుకు ఇంకా ఎన్ని గంటలుందో కుడివైపున, పోటుకు ఇంకా ఎన్ని గంటలుందో ఎడమవైపున, ఐదు నుంచి ఒకటి దాకా దిగే అంకెలు. నెల్లూరు నుంచి వచ్చిన మా మేనమామ దాన్ని కాసేపు చూసి, "రెండో ముల్లు ఊడిపోయిందిరా, బాగు చేయించుకో" అని ఊరికి వెళ్ళేదాకా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

2019లో అమెరికా నుంచి వచ్చిన మా బాబాయి కొడుకు దీన్ని తెచ్చి, "అన్నయ్యా, నీ గాలం పిచ్చికి ఇదే సరైన మందు" అని చేతిలో పెట్టాడు. మేముండేది చెన్నై తిరువాన్మియూరులో. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే స్కూటరు మీద ముట్టుకాడు ఉప్పుటేటికో, కోవళం ఒడ్డుకో వెళ్తాను. అప్పుడప్పుడు ఎన్నూరు కూడా. అక్కడికి చేరేసరికి నీరు ఎక్కుతోందా, దిగుతోందా అన్నదే నా అదృష్టాన్ని తేల్చేది. కాబట్టి ఇది అలంకారం కోసం గోడకెక్కిన వస్తువు కాదు.

లోపల ఉన్నది మామూలు గోడ గడియారం యంత్రమే, కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. పన్నెండు గంటలకు బదులు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు ఒక చుట్టు. చంద్రుడు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు కదా, పోట్లు కూడా అతని వెంటే జరుగుతాయి. చెన్నైలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు కాబట్టి ఈ లెక్క ఇక్కడ నప్పుతుంది. కాకినాడ, విశాఖ మిత్రులకూ నప్పుతుంది. రోజుకు ఒకే పోటు వచ్చే తీరాలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి, అక్కడివారికి ఇది గోడకు బరువు.

పౌర్ణమినాడు సరిగ్గా పోటు వేళకు ముల్లును పైకి తిప్పి పెట్టమని కూడా వచ్చిన కాగితంలో ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వారి అంచనాల్లో చెన్నై రేవు పోటు వేళ చూసి అలాగే పెట్టాను. పౌర్ణమికి ఇక్కడ ఉదయం పోటు ఎనిమిదిన్నరకూ తొమ్మిదికీ మధ్య వస్తుంది. నాలుగు రోజులు బాగానే నడిచింది. షష్ఠికల్లా పోటు గడియారం కంటే గంట దాకా ముందే వచ్చేసింది. సరే, ముల్లు జరిపాను. ఏకాదశికి చూస్తే పోటు బాగా వెనకబడింది. మళ్ళీ జరిపాను. బ్యాటరీ మార్చాను. అమెరికా నుంచి ఇంత దూరం వచ్చి ఇదేం వస్తువని విసుక్కున్నాను. రెండు నెలలు దాని వీపు మీది చక్రం తిప్పుతూనే గడిపాను. తిప్పిన ప్రతిసారీ తప్పు పెరిగిందే తప్ప తగ్గలేదు.

కాశిమేడు రేవులో తెలుగు మాట్లాడే ఒక ముసలి జాలరి నా గోడు విని, "అష్టమి పోటుకు బద్ధకం బాబూ, పున్నమి పోటుకు తొందర" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఒక నోటుపుస్తకంలో రోజూ పోటు వేళ రాసి చూశాను. పౌర్ణమి, అమావాస్యల దరిదాపుల్లో పోటు రోజుకు ముప్పై ఐదు, నలభై నిమిషాలే జరుగుతోంది. నవమి దగ్గర గంటన్నర దాకా జరుగుతోంది. యాభై నిమిషాలన్నది పక్షమంతా కలిపిన సగటు మాత్రమే.

ఇది సూర్యుడి పని. అతని పోటు చంద్రుడి పోటులో సగం కూడా ఉండదు. కానీ సరిగ్గా పన్నెండు గంటలకోసారి వస్తూ చంద్రుడి పోటును ఒకసారి ముందుకు తోస్తుంది, ఒకసారి వెనక్కు గుంజుతుంది. మన దేశపు రేవుల పోట్లు లెక్కకట్టడానికే 1879లో లండన్‌లో ఒక ఇత్తడి యంత్రం చేశారు. చంద్రుడికి ఒక చక్రం, సూర్యుడికి ఒకటి, వాళ్ళ దూరాలకూ వాలుకూ మరికొన్ని, మొదట్లోనే అలా ఇరవై. మా గోడ మీదున్నది ఒక్క చక్రం యంత్రం. దాన్ని తిట్టడం నా తప్పే.

అప్పటి నుంచి చెయ్యి పెట్టడం మానేశాను. వదిలేస్తే పక్షం తిరిగేసరికి దానంతటదే సర్దుకుంటుంది. కాగితంలో చెప్పినట్టు పౌర్ణమినాడు కాకుండా ఒకటి రెండు రోజులాగి పెడితే ఇక్కడ బాగా కుదురుతోంది, ఎందుకంటే పెద్ద పోటు కూడా పౌర్ణమినాడు కాక ఆ తర్వాత ఒకటి రెండు రోజులకే వస్తుంది. అలా పెట్టాక తప్పు ఎటు చూసినా ముప్పావు గంట దాటలేదు. షష్ఠి దగ్గర పోటు ముందుంటుంది, ఏకాదశి దగ్గర వెనకుంటుంది. పక్కనే తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది కనుక తిథి చూసి మనసులోనే సవరించుకుంటాను.

ఇంతా చేసి ఇది చెన్నై రేవు పోటు. ముట్టుకాడు పోటు వేరు. ఫోనులో వచ్చే వేళలదీ ఇదే బాధ, నిమిషాలతో సహా చూపిస్తాయి కానీ ఆ నిమిషాలు రేవువి. ఉప్పుటేటికి సముద్రం నీరు సన్నటి మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటులోంచి, దూరి రావాలి. బయట పోటు నిండి దిగడం మొదలుపెట్టాక కూడా లోపలి మట్టం ఇంకా తక్కువే కాబట్టి నీరు లోపలికే పారుతుంటుంది. ఈ సంగతి తెలియక ఒక ఏడాది పాటు, పోటు అయిపోయిందనుకుని సరిగ్గా చేపలు కదిలే వేళకు గాలం చుట్టేసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.

చివరికి ఒక వెదురు కర్రకు జానెడుకో ఎర్ర గీత పెట్టి, ఒడ్డున బురదలో పాతి, పది నిమిషాలకోసారి చూసి రాశాను. పక్కన రొయ్యల వల విసిరే కుర్రవాడు నన్ను ప్రభుత్వ సర్వేయరు అనుకుని పొలం తగాదా ఒకటి చెప్పుకున్నాడు. నేను కూర్చునే చోట నీరు నిండే వేళ గడియారం కంటే సుమారు గంట ఆలస్యమని తేలింది. ఎత్తు కూడా సముద్రంలో ఉన్నంత లేదు. రేవులో పెద్ద పోటుకు మీటరు తేడా ఉంటే ఇక్కడ మూరెడు ఉంటే గొప్ప.

ఆ గంట కూడా శాశ్వతం కాదు. ఈశాన్య రుతుపవనాల వరద మొగను వెడల్పు చేసిన ఏడాది ఆలస్యం నలభై నిమిషాలకు తగ్గింది. ఎండాకాలంలో ఇసుక మేట పెరిగేకొద్దీ ఆలస్యం పెరిగింది. మొగ పూర్తిగా పూడుకుపోతే పోటూ లేదు, పాటూ లేదు, చెరువే. ఆ రోజుల్లో గడియారం దాని మానాన అది తిరుగుతుంది, నేను కోవళం వెళ్తాను. అందుకే ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి, కర్ర పాతుతాను. ఎక్కడ గాలం వేసేవారైనా ఈ ఒక్క పని చేయనిదే ఏ గడియారమూ, ఏ పట్టికా మీ ఒడ్డు వేళ చెప్పదు.

దీనికి చేతకానివి కొన్ని ఉన్నాయి. నీరు ఎప్పుడు ఎక్కుతుందో చెబుతుంది కానీ ఎంత ఎక్కుతుందో చెప్పదు. పౌర్ణమి పోటూ అష్టమి పోటూ దాని ముఖాన ఒకటే. నవంబరులో మన తీరాన సముద్ర మట్టమే కాస్త పైకి లేచి ఉంటుంది, వాయుగుండం వస్తే గాలి ఒత్తిడి తగ్గిన కొద్దీ ఇంకా లేస్తుంది, ఒడ్డుకు కొట్టే గాలి మరికొంత తోస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు చెన్నై మునిగి ఉంటే ఈ ముల్లు ఎంతో ప్రశాంతంగా పాటు వైపు దిగుతోంది. (ఆ వరదలోనే ఎన్నూరు వాగు నిండా చమురు తెట్టు పరుచుకుంది. చాలా నెలలు అటు వెళ్ళబుద్ధి కాలేదు.) దూరపు తుపానుల నుంచి వచ్చే ఉప్పెన అలలు దీనికి అసలే తెలియవు. కాబట్టి అలల హెచ్చరిక ఉందా అని బయలుదేరే ముందు ఇన్‌కాయిస్‌లో చూడాల్సిందే.

మన్నిక విషయానికి వస్తే, చెక్క చట్రం చెక్కు చెదరలేదు. బ్యాటరీ ఏడాదిన్నర వస్తుంది. కానీ సముద్రం ఇంటికి దగ్గర కనుక బ్యాటరీ పట్టీలు మూడో ఏడు పచ్చగా చిలుము పట్టాయి. నిమ్మరసంతో తుడిస్తే పనిచేసింది, ఐదో ఏడు అదీ పనిచేయలేదు. యంత్రం ఇక్కడ దొరకదు. టి. నగర్‌లో ఒక గడియారాల దుకాణంలో మామూలు యంత్రం బిగిస్తామన్నారు. పన్నెండు గంటలకు తిరిగేది నాకెందుకు? తమ్ముడే మళ్ళీ పంపాడు.

ఫోను ఉండగా ఇది దేనికి అంటే, కాఫీ తాగుతూ తలెత్తి చూడటానికి. వారమంతా అలా చూస్తూ ఉండటం వల్ల శనివారం పోటు ఎక్కడికి చేరుతుందో పట్టిక తెరవకుండానే తెలిసిపోతుంది. రేవు వేళ నిమిషాలతో సహా కావాలనుకునేవారు మాత్రం దీని జోలికి పోకపోవడం మంచిది.

మరొక చిక్కు ఉంది, అది గడియారానిది కాదు. తెల్లవారుజామున కూర్చునే నాకు నీరు నిండుతూ ఆరున్నర, ఏడింటికి నిలిచేది దశమి, ఏకాదశి, ద్వాదశి రోజుల్లోనే. పండుగొప్ప ఎర పట్టేదీ అప్పుడే. ఆరేళ్ళలో నేను పట్టిన మూడు పెద్ద పండుగొప్పల్లో రెండు ఏకాదశివే. ఆ రోజు మా ఆవిడ ఉపవాసం, చేపను గుమ్మం దాటనివ్వదు. రెండూ కింద వాటాలోని వారి పొయ్యి మీదికి వెళ్ళాయి. వారు మాత్రం గడియారం చాలా బాగా పనిచేస్తోందంటారు.