ట్యాబులు దాచుకోవడానికి సర్ఫింగ్‌కీస్ ఒక్కటి చాలా, విమియంకు ట్యాబ్ సెషన్ మేనేజర్‌ను జత చేయాలా?

నల్లగొండలో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కొన్ని నెలలుగా నన్ను ఇదే అడుగుతున్నారు. పాలిటీకి పదిహేను, తెలంగాణ ఉద్యమ చరిత్రకు ఇరవై, జిల్లా ఫ్లోరైడ్ సమస్యకు మరో పది ట్యాబులు తెరుచుకున్నాక, వాటిని విషయాలవారీగా దాచి, మౌసు ముట్టకుండా మళ్లీ తెరిచే మార్గమేదన్నది వారి ప్రశ్న. సర్ఫింగ్‌కీస్, విమియం అనేవి బ్రౌజరును కీబోర్డుతోనే నడిపించే ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. ట్యాబ్ సెషన్ మేనేజర్ తెరిచి ఉన్న ట్యాబుల సమూహాన్ని, అంటే సెషన్‌ను, దాచే మరో ఎక్స్‌టెన్షన్. రెండు పద్ధతులూ వాడి, ఈ మధ్యనే నేను ఒకదానికి స్థిరపడ్డాను.

వేళ్ల సౌకర్యం చూస్తే సర్ఫింగ్‌కీస్‌దే పైచేయి. కోలన్ నొక్కి, క్రియేట్‌సెషన్ అనే ఆదేశం పక్కన ఒక పేరు రాస్తే, తెరిచి ఉన్న చిరునామాలన్నీ ఆ పేరు కింద భద్రమవుతాయి. ఓపెన్‌సెషన్‌తో అవి తిరిగి వస్తాయి. పెద్ద అక్షరం జెడ్‌ను రెండుసార్లు నొక్కితే అన్నిటినీ దాచి బ్రౌజరును మూసేస్తుంది, మరునాడు పెద్ద అక్షరాల్లోనే జెడ్, ఆర్ నొక్కితే నిన్నటి పని కళ్ల ముందుంటుంది.

విమియంకు సెషన్లు దాచే శక్తి లేదు. పెద్ద టీతో ట్యాబులను వెతకడం, ఎక్స్‌తో మూయడం వంటివి దాని పని. అయితే కీబోర్డు లేఅవుటును పట్టించుకోవద్దని చెప్పే ఎంపిక అందులో ఉన్నందున, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుటులో నోట్సు రాసుకునేవారు ప్రతిసారీ ఇంగ్లీషుకు మారనక్కరలేదు. దాచే పనిని ట్యాబ్ సెషన్ మేనేజర్‌కు అప్పగించి, దానికి బ్రౌజరు సెట్టింగుల్లో మనకు నచ్చిన మీటలు కేటాయించుకోవాలి. జాబితాలో కదలడం మాత్రం సర్ఫింగ్‌కీస్ అంత చురుకుగా ఉండదు.

అయినా నేను ఈ జోడీనే ఎంచుకున్నాను. కారణం ఒక్కటే: దాచాలన్న సంగతి మనకు గుర్తుండనప్పుడు ఏమవుతుంది? నా డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చాక, తొందరలో పాత ట్యాబులను తిరిగి తెరవమంటారా అన్న సూచనను మూసేసి కొత్త విండోలో పని మొదలుపెట్టాను. ఫ్లోరైడ్ మీద మూడు రోజులు వెతికి పెట్టుకున్న పేజీలు చెదిరిపోయాయి, హిస్టరీలోంచి వాటిని ఏరుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది. సర్ఫింగ్‌కీస్ మనం ఆదేశించినప్పుడే దాస్తుంది. ట్యాబ్ సెషన్ మేనేజర్ మనం పెట్టిన వ్యవధి ప్రకారం తానే దాస్తుంది. నేను 5 నిమిషాలకు పెట్టుకున్నాను. అలా దాచినవాటిలో పాతవి పరిమితి దాటాక తొలగిపోతాయి కనుక, అక్కరకొచ్చేవాటిని పేరు పెట్టి విడిగా భద్రపరచాలి.

వన్‌ట్యాబ్ అనే ఇంకో ఎక్స్‌టెన్షన్ ట్యాబులన్నిటినీ ఒక జాబితాగా మడుస్తుంది, మెమరీ తక్కువ ఉన్నవారికి ఉపయోగం. కంట్రోల్, షిఫ్ట్, డి నొక్కి ట్యాబులన్నీ బుక్‌మార్కు చేసుకోవడానికి ఏ ఎక్స్‌టెన్షనూ అవసరం లేదు, కాని ఆ ఫోల్డర్లు త్వరగా పేరుకుపోతాయి.

ఎక్స్‌టెన్షన్‌ను తీసేస్తే అది దాచినవీ దానితోపాటే పోతాయి. అందుకే సిస్టమ్ ఫార్మాట్ చేయించే ముందు, ట్యాబ్ సెషన్ మేనేజర్‌లోని ఎక్స్‌పోర్ట్‌తో జేసన్ ఫైలు తీసి పెన్‌డ్రైవులో వేసుకోండి.